ఇసుకతిన్నె

మా బడి పైకప్పు రేకులది.
ఇక్కడ, చోకోలో, సాన్ హువాన్ నది ఒడ్డున
ఆకాశానికి ఆదివారాలు లేవు.
వాన మొదలైతే
గొంతు చించుకున్నా మొదటి బెంచీ దాటదు నా మాట.
అందుకే రాజ్యాంగాన్ని నేను
ఇరవై రెండేళ్లుగా సుద్దముక్కతోనే చెబుతున్నాను.

ఆరోజు రాసింది ఎనభై ఆరో ఆర్టికల్.
ఎవరైనా సరే, వకీలు లేకుండా, రుసుం లేకుండా
నా హక్కు పోయిందని కాగితం మీద రాసి ఇస్తే
పది రోజుల్లో జడ్జి జవాబు చెప్పి తీరాలి.
తుతెలా అంటాం దాన్ని.
చదువురాని అమ్మమ్మలకూ తెలిసిన మాట,
మందుల కోసం, మోకాలి ఆపరేషన్ కోసం
ఎవరో ఒకరి చేత రాయించుకున్న మాట.

వెనక బెంచీ నుంచి యెయ్నర్ చీటీ పంపాడు.
వానలో మేం అలాగే మాట్లాడుకుంటాం.
"పదిహేనేళ్లవాళ్లు కూడా రాయొచ్చా?"
కింద ఒక్క ముక్క రాసి తిప్పి పంపాను.
రాయొచ్చు.

నాలుగు బెంచీలు ఖాళీ. ఎగువ ఊళ్ల పిల్లలవి.
ఏప్రిల్ నుంచి బడి పడవ కదల్లేదు.
మోటారు పాడైందన్నారు, సామాను రావాలన్నారు,
మేయరు ఆఫీసు గుమాస్తా ప్రతి సోమవారమూ
వచ్చే సోమవారం అన్నాడు.

కాగితం తెచ్చారు. కొట్లాట మొదలైంది.
"దయగల అయ్యగారికి" అన్నాడు యెయ్నర్.
కొట్టేయించాను.
"కాళ్లు పట్టుకుని బతిమాలుతున్నాం."
అదీ కొట్టేయించాను.
ఇక ఏం మిగిలింది టీచర్, అన్నారు.
మీ పేరు. మీ ఊరు. జరిగింది.
నిజం కానిది ఒక్క మాటున్నా సంతకం పెట్టొద్దు.
ఎంత తేలిగ్గా అన్నాను ఆ చివరి మాట!

దస్తూరీ బాగుంటుందని కలం మార్లెసి చేతికిచ్చాం.
పడవ నడిపేది వాళ్ల నాన్న.
మోటారు పాడైంది, అని నేను చెప్పిన చోట
కలం ఆగింది.
ఆగి, చాలాసేపు అక్కడే ఉంది.
తరవాత ఆ పిల్ల తలెత్తకుండా
అదే గుండ్రటి దస్తూరీతో రాసింది:
మోటారు పాడవలేదు. అమ్మేశారు.
ఎగువన బంగారం తవ్వేవాళ్లకు.
అంతకుముందు ఐదు నెలలు మా నాన్నకు జీతం ఇవ్వలేదు.
ఈ రెండూ నిజమే.

సొంత తండ్రి మీద సాక్ష్యం చెప్పనక్కర్లేదని
ఆ పుస్తకంలోనే ఇంకో ఆర్టికల్ ఉంది, ముప్పై మూడోది.
నల్లబల్ల దగ్గరికి వెళ్లి రాశాను,
పెద్ద అక్షరాలతో, ఒక్కదాని కోసం.
చదివింది. తలూపింది.
కొట్టేయలేదు.
నువ్వు కొట్టేయి, అని నేనూ అనలేదు.
అనాల్సిందేమో.
రేకుల మీద వాన పడే రాత్రుల్లో ఇప్పటికీ తేలదు నాకు.

పంతొమ్మిది సంతకాలు.
ఇద్దరు పెట్టలేదు. ఒకడు మేయరు మేనల్లుడు.
రెండోవాడు ఎందుకో చెప్పలేదు,
చెప్పకపోవడమూ వాడి హక్కేనని ఎవరినీ అడగనివ్వలేదు.

తొమ్మిదో రోజున తీర్పు వచ్చింది.
రెండు రోజుల్లో పడవ నడవాలి.
పడవవాడికి బాకీపడ్డ జీతం కట్టాలి.
మోటారు సంగతి విచారణకు పంపాలి.
మూడు వాక్యాలూ ఒకే కాగితం మీద, ఒకే సైజు అక్షరాల్లో.
పిల్లలు మొదటిదానికి చప్పట్లు కొట్టి
మూడోదానికి ఆపేశారు.

పడవ నడుస్తోంది, కొత్త మనిషితో.
మొదటి రోజు తెల్లవారుజామున
మార్లెసి వాళ్ల నాన్న రేవులోకి వచ్చాడు.
ఎవరితోనూ మాట్లాడలేదు.
వంపు దగ్గర నీళ్లకింద ఇసుకతిన్నె ఎక్కడుందో
కొత్తవాడికి వేలితో చూపించి
వచ్చిన దారినే వెళ్లిపోయాడు.
రమ్మని ఎవరూ పిలవలేదు.

సిలబస్ ప్రకారం ఇవాళ తొంభై ఐదో ఆర్టికల్.
పౌరుల బాధ్యతలు. తొమ్మిదున్నాయి.
వాన. సుద్దముక్క.
రెండోది రాస్తుండగా కిటికీ పక్క బెంచీ నుంచి
చేతులు మారుతూ ఒక చీటీ వచ్చింది.
ఆ దస్తూరీ నాకు తెలుసు.

"టీచర్, ఇసుకతిన్నె చూపించడం
ఆ తొమ్మిదిలో ఎన్నోది?"